గవరయ్య ఆఖరి దండోరా

దండోరా వేసే ముసలి గవరయ్య జ్వరం తగ్గి కొలువుకు రాగానే దివాను అడ్డుకున్నాడు.

"అరవై దాటి మంచమెక్కినవాడికి కొలువు లేదు. నీ చోట రేపటి నుంచి కుర్రవాణ్ణి పెడుతున్నాం."

"ఇది నా ఒక్కడికేనా దొరా?"

"కొలువులో అందరికీ."

"అయితే చాటాలి కదండీ. చాటని చట్టం మన రాజ్యంలో చెల్లదు."

"చాటు. అదే నీ ఆఖరి దండోరా."

ఆనవాయితీ ప్రకారం దండోరా రాజుగారి కిటికీ కిందే మొదలవుతుంది. కీళ్లవాతంతో నెలగా మంచం దిగని ముసలి రాజు అంతా విని దివానును పిలిపించాడు.

"నా చోట ఏ కుర్రవాణ్ణి పెట్టారు?"

దివాను పంచె ఎగ్గట్టి గవరయ్య దగ్గరికి పరుగెత్తాడు. "చట్టం రద్దయిందని చాటవయ్యా."

"నా ఆఖరి దండోరా అయిపోయిందండి. కొలువులో లేనివాడు చాటితే చెల్లదు. ముందు నన్ను మళ్లీ తీసుకున్నట్టు మీరు చాటండి" అని గవరయ్య డప్పు అందించాడు.

దివాను డప్పు కొడుతుంటే చూడ్డానికి మంచంలో ఉన్నవాళ్లు కూడా లేచొచ్చారు.