కమాను కింద ఎవరు నిలబడాలి

ఏరు దాటబోయి ఏటా ఎవరో ఒకరు కొట్టుకుపోతున్నారని రాజు వంతెన కట్టమన్నాడు. యర్రప్ప మేస్త్రి రెండేళ్లు శ్రమపడి, కొయ్య చట్రం మీద రాళ్లు పేర్చి, ఒడ్డు నుంచి ఒడ్డుకు ఒకటే కమాను తిప్పాడు. రెండు చివర్లా బరువైన రాతి దిమ్మెలు కట్టాడు.

రేపు చట్రం విప్పుతారనగా మంత్రి త్ర్యంబకయ్య బండ్లతో వచ్చాడు. ఆయన కొత్త మేడకు రాళ్లు కావాలి.

"బరువంతా కమానే మోస్తుంటే ఈ దిమ్మెలెందుకు? దండగ."

"కమాను ఆ బరువును పక్కలకు తోస్తుందయ్యా. దిమ్మెలు అడ్డం లేకపోతే కాళ్లు జారినట్టు కూలుతుంది."

"నాకు పాఠాలు చెప్పకు," అని మంత్రి దిమ్మెలు విప్పించి రాళ్లు పట్టుకుపోయాడు.

మర్నాడు రాజు రాగానే యర్రప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ప్రభూ, చట్రం విప్పేటప్పుడు కట్టినవాడు కింద నిలబడటం మా ఆచారం. మా తాత నిలబడ్డాడు, మా నాన్న నిలబడ్డాడు. కానీ దిమ్మెలు అక్కర్లేదని నా పనిని మంత్రిగారు సరిదిద్దారు. ఇప్పుడిది ఆయన కట్టడం. నా చోటు ఆయనదే."

రాజు మంత్రి వైపు తిరిగాడు. త్ర్యంబకయ్య కమాను వైపు చూసి, ఇవాళ తిథి బాగాలేదన్నాడు.

"అయితే మంచి రోజే చూడండి. ఆ రోజు ఇద్దరూ నిలబడండి," అన్నాడు రాజు.

సాయంత్రానికి రాళ్ల బండ్లు ఏటి ఒడ్డుకు తిరిగొచ్చాయి. వెళ్లినవి పన్నెండు, వచ్చినవి ఇరవై.

మంత్రిగారి ఇంటికి ఆనాటి నుంచి ప్రహరీ గోడ లేదు.