అరిసెల బెల్లం

ఎవరేమడిగినా దమయంతి టీచరు అవుననీ కాదనీ చెప్పేది కాదు. ముందు ఒక ఊరి పేరు చెప్పేది. ఊరి పేరు వచ్చిందంటే ఇక మధ్యలో ఎవరూ లేవకూడదని ఆమె దగ్గర పిల్లల్ని చూసుకునే పని నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు.

ఆ రోజు అడిగింది ఉజ్వల. లా చదివి, ఇళ్ల దగ్గర పిల్లల్ని చూసుకునే ఆడవాళ్లకు సంఘం కట్టాలని వచ్చిన పిల్ల. తల్లిదండ్రుల చేత సంతకం చేయించాల్సిన ఒప్పందపత్రం తనే రాసి తెచ్చింది. వేళలు, జీతం, సెలవులు, ఆలస్యమైతే అదనం, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది, అన్నీ ఉన్నాయి అందులో. "నోటిమాట ఎప్పుడూ బలవంతుడి వైపే సాక్ష్యం చెబుతుంది. కాగితమే కష్టజీవికి కంచె!" అని గొంతెత్తి చెప్పింది.

"పాలు మరవని పిల్లాణ్ణి మన చేతిలో పెట్టే తల్లిని పట్టుకుని వేలిముద్ర వెయ్యమంటామా? ఇదేమన్నా రేషన్ బియ్యమా అమ్మా?" అంది, పని నేర్చుకోడానికి వచ్చినవాళ్లలో వెనక కూర్చున్న చిట్టెమ్మ. గదంతా నవ్వింది.

ఉజ్వల మొహం కందిపోయింది. "మీరు చెప్పండి టీచరుగారూ. కాగితం కావాలా, వద్దా?"

"లంకపాలెం," అంది టీచరు. నవ్వు ఆగిపోయింది.

లంకపాలెంలో పొలాలన్నీ చెరువులయ్యాయి, ఆడవాళ్లంతా రొయ్యల షెడ్డు పాలయ్యారు. తెల్లారకముందే వ్యాను వస్తుంది. ఐసులో చేతులు పెట్టి రొయ్యలు ఒలిచి, చీకటి పడ్డాక తిరిగొస్తారు. అంతమంది ఆడవాళ్లు పనిచేసే చోట పిల్లల గది ఉండాలంటుంది చట్టం. ఆ గది కంపెనీ కాగితాల్లో ఉంది, కంపెనీలో లేదు. అందుకని పిల్లలు వీరవేణి ఇంట్లో పెరిగేవాళ్లు. అందరికీ ఆమె పిన్నే. వరస కలిశాక కాగితమేమిటని ఎవరూ అనుకోలేదు, ఆమె కూడా.

వీరవేణికి ఒక అలవాటుంది. తన ఇంట్లో ఏ పిల్లాడు ఏది మొదటిసారి చేసినా తల్లికి చెప్పేది కాదు. మొదటి పన్ను, మొదటి మాట, అన్నీ కడుపులో దాచుకునేది. మర్నాడో మూడోనాడో ఆ తల్లి పరుగెత్తుకొచ్చి, "పిన్నీ, మావాడు 'అత్త' అన్నాడే!" అంటే, నోటిమీద చెయ్యి వేసుకుని "నిజంగానా!" అనేది. పగలంతా షెడ్డు మింగేసింది, ఈ కాస్త ముచ్చటైనా తల్లికి మిగలాలని ఆమె తాపత్రయం. అది అబద్ధమని ఆమెకెప్పుడూ తోచలేదు.

సువార్త కొడుకు దానియేలు గోడ పట్టుకుని నిలబడుతున్న రోజులవి. సువార్త ముందే బెల్లం కొని ఉంచింది. "అడుగులకు అరిసెలు పిన్నీ. మొదటి అరిసె నీకే," అనేది. ఒక బుధవారం మధ్యాహ్నం వాడు గోడ వదిలేసి, చేతులు చాపుకుని, తూలుకుంటూ వచ్చి వీరవేణి ఒళ్లో పడ్డాడు. ఆమె వాణ్ణి ముద్దులతో ముంచేసింది. సాయంత్రం సువార్త గుమ్మంలో నిలబడి రోజూ అడిగేదే అడిగింది. "ఇవాళ ఏం చేసేడు పిన్నీ?"

"ఏం చేస్తాడు? ఇంకా గోడే. ఆదివారం నీకు సెలవు కదా, చూడు, నీ ముందే వేస్తాడు."

ఆదివారం సెలవు పోయింది. సరుకు పైదేశం వెళ్లాలి, రాని మనిషి మళ్లీ రానక్కర్లేదన్నాడు సూపర్‌వైజరు. సువార్త చీకట్లో నిద్రపోతున్న పిల్లాణ్ణి దింపి, చీకట్లో నిద్రపోతున్న పిల్లాణ్ణే ఎత్తుకెళ్లేది. వాడు ఈలోగా ఇల్లంతా తిరగడం నేర్చాడు.

మంగళవారం వీరవేణి ఇంకో పిల్లకు అన్నం కలుపుతుంటే, దానియేలు అరుగు దాకా నడిచి, అక్కణ్ణించి బట్టలుతికే బండ మీద పడ్డాడు. గుక్కపెట్టి ఏడ్చాడు. చెవి వెనక బొప్పి కట్టింది. వేడిగుడ్డతో కాపడం పెడితే నిద్రపోయాడు.

"ఇవాళ ఏం చేసేడు పిన్నీ?"

వీరవేణి నోరు తెరిచింది. పడ్డాడని చెబితే నడిచాడని చెప్పాలి. నడిచాడని చెబితే వారం నించీ దాచానని చెప్పాలి. రేపట్నించి ఈ గుమ్మంలోకి ఎవరి పిల్లలూ రారేమో. వాడు హాయిగా నిద్రపోతూనే ఉన్నాడు కదా!

"బానే ఉన్నాడమ్మా. ఆడుకుని పడుకున్నాడు."

మర్నాడు వ్యాను వెళ్లిపోయాక వచ్చింది సువార్త, పిల్లాణ్ణి భుజాన వేసుకుని. "తెల్లారేసరికి ఒకటే వాంతులు పిన్నీ. ఆసుపత్రికి తీసుకెళ్లి వస్తున్నా. అజీర్తంట, మందు రాసేడు. రెండో పూటకైనా వెళ్లకపోతే పని పోతుంది."

"డాక్టరు ఏమడిగేడు?" అంది వీరవేణి.

"ఏం తిన్నాడని అడిగేడు. ఎక్కడైనా పడ్డాడా అని అడిగేడు. నాకు నవ్వొచ్చింది. ఇంకా అడుగే వెయ్యలేదండీ, ఎక్కడ పడతాడన్నాను."

వీరవేణి పిల్లాణ్ణి లాక్కుని వీధిలోకి పరుగెత్తింది. చెప్పులు లేవు. ఆటోలో కూర్చుని, వెనకే పరుగెత్తుకొచ్చి ఎక్కిన సువార్త వైపు చూడకుండా, దారంతా "పడ్డాడండీ, నిన్న పడ్డాడండీ" అని డ్రైవరుకే చెప్పింది. ఆసుపత్రిలోనూ అదే చెప్పింది. "ఇది పొద్దున్నే చెప్పాల్సింది," అన్నాడు డాక్టరు. అప్పటికి వాడు కళ్లు తెరవడం మానేశాడు. మళ్లీ తెరవలేదు.

షెడ్డులో ప్రతి రొయ్యల పెట్టెకూ ఒక చీటీ ఉంటుంది. ఏ చెరువుది, ఎప్పుడు పట్టారు, ఐసు ఎప్పుడు వేశారు, ఎవరి చేతినించి ఎవరి చేతికి వచ్చింది, అన్నీ దానిమీద రాసి ఉండాలి. లేకపోతే ఓడ ఎక్కనివ్వరు.

పిల్లాణ్ణి మట్టిలో పెట్టాక సువార్త ఒకసారి వీరవేణి గుమ్మానికి వచ్చింది. జనం అనుకున్నట్టు తిట్టలేదు, జుట్టు పట్టుకోలేదు.

"నడిచేడా పిన్నీ?"

"నడిచేడమ్మా."

"బాగా నడిచేడా?"

వీరవేణి తల ఊపింది. సువార్త కొంగులోంచి బెల్లం ముద్ద తీసి అరుగు మీద పెట్టింది. "అరిసెలు వండుకో. మొదటిది నీకే అన్నాను కదా," అని వెళ్లిపోయింది.

టీచరు ఆపింది. చిట్టెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఉజ్వల తన కాగితాలు తిరగేసి, వేలు ఒకచోట ఆనించింది.

"ప్రమాదం గురించి నేను రాశాను టీచరుగారూ."

"ఏమని?"

"బాధ్యత ఎవరిదో."

"అదొక్కటే చదివి వినిపించి ఉంటే, వీరవేణి నోరు ఇంకా గట్టిగా మూసుకునేది."

"అయితే కాగితం వద్దంటారా?" ఉజ్వల కళ్లలో నీళ్లూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"రొయ్యకుందమ్మా చీటీ. వద్దని ఏ నోటితో అంటాను?" టీచరు లేచి, తలుపు దగ్గర ఆగింది. "సువార్త గుమ్మంలో నిలబడి రోజూ ఒకే మాట అడిగేది, ఇవాళ ఏం చేసేడని. నీ కాగితం అక్కణ్ణించి మొదలుపెట్టు."