కామరాజు గారింట్లో మూడు పెట్టెలు

దానియేలు మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, స్కూటరు తీస్తారు. కాకినాడలో సౌండు పని చేసేవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు.

ఆ రోజు అడిగినవాడు ఆయన శిష్యుడు తాతబ్బాయి. సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఒక టీచరమ్మ గారు ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టించుకుంటున్నారు. అన్నీ ఒకే పెట్టెలో ఉండే రిసీవర్ ఇవ్వాలా, విడివిడిగా యాంప్లిఫయర్లు ఇవ్వాలా? "విడిగా పెడితే ఆ సౌండే వేరు కదండీ! తేడా వచ్చిందంటే మొదట్లోనే నా పేరు మట్టికొట్టుకుపోద్ది" అని వాడి బెంగ.

మాస్టారు వాణ్ణి వెనక ఎక్కించుకుని రామారావుపేటలో కామరాజు గారింటికి తీసుకెళ్ళారు. పదేళ్ళ కిందట మాస్టారు తన చేత్తో పెట్టిన సెట్టు అక్కడుంది. ప్లేయరు ఒకటి, శబ్దాన్ని స్పీకర్లకి పంచేది ఒకటి, దానికి బలమిచ్చేది ఒకటి. ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదని తాతబ్బాయి ఎప్పుడూ వింటుండేవాడు. తీరా చూస్తే దానిమీద దుప్పటి కప్పేసి ఉంది.

కామరాజు గారికి పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. పక్కగదిలో మంచమ్మీద ఉన్నారు.

"ఏ స్విచ్చి ముందు వెయ్యాలో ఆయనకే తెలుసండీ" అన్నారు భార్య హైమావతి గారు. "ఒకసారి నేను వేస్తే ఢామ్మంది. పాపం, ఉలిక్కిపడి వణికిపోయారు. ఆ తర్వాత ముట్టుకుంటే ఒట్టు. పాట లేందే ఈయనకి ముద్ద దిగదని తెలిసి కూడా..." తాతబ్బాయికి ప్రాణం ఉసూరుమంది.

మాస్టారు దుప్పటి తీశారు. మూడు స్విచ్చుల పక్కనా తెల్ల టేపు అంటించి ఒకటి, రెండు, మూడు అని అంకెలు రాశారు. ఆవిడ చేతే వేయించారు. ఆపేటప్పుడు మూడు నుంచి వెనక్కి రమ్మన్నారు. రెండుసార్లు తడబడి మూడోసారి ఆవిడ సరిగ్గా వేశారు.

సన్నాయి మొదలైంది. అబ్బ, ఏం సౌండు! తాతబ్బాయి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కామరాజు గారు ఎడమచేత్తో మంచం పట్టీ మీద తాళం వేస్తున్నారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"పదేళ్ళ కిందటే చెయ్యాల్సిన పనమ్మా ఇది. తప్పు నాదే" అన్నారు మాస్టారు.

గుమ్మం దిగాక తాతబ్బాయి ఉండబట్టలేకపోయాడు. "ఇంతకీ ఏది ఇమ్మంటారు మాస్టారూ? ఒకటా, మూడా?"

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ అన్నారు. "ఆ టీచరమ్మ గారింట్లో స్విచ్చి వేసేదెవరో కనుక్కున్నావా?"