వాగొడ్డు కూడు

అనగనగా ఒక అడవి. వానాకాలంలో ఎంత చల్లగా ఉండేదో, ఎండాకాలంలో అంత భయంగా ఉండేది. ఆకులన్నీ రాలి, ఎండి, నేలంతా గలగలమంటూ పడి ఉండేవి. ఎక్కడో ఒక్క నిప్పురవ్వ పడితే చాలు, గుట్టకి గుట్టే అంటుకునేది.

ఆ మంటని ఆపే పని అడవిపందులది. ఎలా ఆపుతాయంటారా? నీళ్ళతో కాదు. పొగ వాసన రాగానే మంటకి ఎదురుగా వరసగా నిలబడి, మూతులతో నేలని చీల్చుకుంటూ పోతాయి. ఎండాకులు పక్కకి పోయి ఒట్టి మట్టి దారి తేలుతుంది. మంట అక్కడిదాకా వస్తుంది, తినడానికి ఏమీ దొరక్క చచ్చిపోతుంది. ఆ దారిని మంటగీత అనేవాళ్ళు.

కానీ ఆ పని ఒంటిని ఊరికే వదలదు. వేడి మట్టిలో, పొగలో పెట్టీ పెట్టీ పందికి ముక్కు కాలిపోతుంది. పన్నెండు ఎండాకాలాలు తిరిగేసరికి వాసనే తెలియదు. వాసన తెలియని పందికి మట్టికింద గడ్డ ఎక్కడుందో తెలియదు. ఇంక ఆకలే.

అందుకని అడవి ఎప్పుడో ఒక మాట ఇచ్చింది. పన్నెండు ఎండాకాలాలు మంట ఆపిన పంది వాగు ఒడ్డున నీడలో కూర్చోవచ్చు. బతికినన్నాళ్ళు మిగతావాళ్ళు వంతులేసుకుని గడ్డలు తవ్వి తెచ్చి పెడతారు. దానికి వాగొడ్డు కూడు అని పేరు.

ఓబులయ్య అనే ముసలి పందికి కిందటేడుతో పన్నెండూ నిండాయి. ఇంక వాగు ఒడ్డుకి పోదామనుకుంటుంటే, అడవికి పెద్ద అయిన కణుజు సభ పెట్టాడు. కణుజంటే తెలుసుగా, కొమ్ముల దుప్పి, జింకలన్నిట్లోకీ పెద్దది. ఈ ఏడు వానల్లేవు, గడ్డలు దొరకట్లేదు, పైగా మూడేళ్ళుగా మంట మన వైపుకే రాలేదు కదా అన్నాడు. కాబట్టి ఇకమీదట పన్నెండు కాదు, పద్దెనిమిది అన్నాడు. అందరూ తలూపారు.

మంట రాని మాట నిజమే. ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. పందులు గుట్ట అవతలే ఆపేసేవి మరి. ఇవతలవాళ్ళు దాని మొహం కూడా చూడలేదు.

మర్నాడు పందులన్నీ రాతిబండ పక్కన కూర్చున్నాయి. పాత మాట నిలబెట్టేదాకా గీత గీయం అన్నాయి. అదే సమ్మె.

అడవంతా ఒకటే మాటలు. పందులు బలిసిపోయాయని ముళ్ళపంది అంది. అడగడం తప్పు కాదు గానీ ఎండాకాలంలోనా అడిగేది అని నెమలి అంది. చలికాలంలో అడిగితే మాత్రం ఎవడు వింటాడని ఒక ముసలి ఉడుము గొణిగింది గానీ ఎవరికీ వినపడలేదు. దానమయ్య అనే కొండముచ్చు అయితే కొమ్మ మీద కూర్చుని, పంది కూలబడినట్టు కూలబడి చూపించి అందర్నీ నవ్వించాడు.

ముందు దానమయ్యే పందుల దగ్గరికి వెళ్ళాడు. "మూతితో మట్టి కెలకడం కూడా ఒక పనేనా? తిండి కోసం రోజూ చేసేదేగా" అన్నాడు. పందులు మొహం తిప్పుకున్నాయి.

తర్వాత కణుజు వెళ్ళాడు. మీరు కాకపోతే అవతలి గుట్ట పందుల్ని పిలిపిస్తానని బెదిరించాడు. పిలిపించుకోండి సామీ, వాళ్ళ ముక్కులు ఎట్లా ఉన్నాయో కూడా ఒకసారి అడగండి, అన్నాడు ఓబులయ్య.

ఇంక ఈరమ్మని పంపారు. ఈరమ్మ ఒక కుందేలు. దానికి ముగ్గురు పిల్లలు. పుట్టి నాలుగు రోజులే. ఎండుగడ్డిలో పడుకుని ఉన్నాయి, గెంతడం కూడా రాదు. మంటొస్తే ముందు పోయేది అవే. నువ్వెళ్ళి ఏడు, నిన్ను చూస్తే ఓబులయ్య కరిగిపోతాడు అన్నారు.

ఈరమ్మ వట్టి చేతులతో పోవడం బాగోదని ఒక గడ్డ పట్టుకెళ్ళింది. తియ్యగా ఘాటుగా వాసనొచ్చే గడ్డ. దూరంగా ఉన్న కుర్రపందుల ముక్కులు అప్పుడే అదిరాయి. ఈరమ్మ దాన్ని ఓబులయ్య కాళ్ళ ముందు పెట్టింది. ఓబులయ్య దాన్ని దాటుకుంటూ వచ్చాడు. అక్కడ ఒకటి ఉందనే తెలియలేదు ఆయనకి.

"పిల్లలు గడ్డిలో ఉన్నారంట కదమ్మా," అన్నాడు. "నీకు నేను కాదని చెప్పలేను. నువ్వు అడుగు, లేచి వస్తా."

అడగడానికే వచ్చింది ఈరమ్మ. మాట గొంతు దాకా వచ్చింది. కానీ వేరే మాట అడిగింది.

"పెద్దయ్యా, నీకు పొగ వాసన తెలుస్తుందా?"

"మంట కనబడితే తెలుస్తుంది తల్లీ."

"అప్పటికి?"

"అప్పటికి దగ్గరికొచ్చేసి ఉంటుంది."

ఈరమ్మ గడ్డ తీసి ఆయన నోటికి అందించి, తిన్నాక వెనక్కి వచ్చేసింది.

ఏడ్చావా, వస్తానన్నాడా అని అందరూ చుట్టూ మూగారు. నేను రమ్మని అడగలేదని చెప్పింది. గొడవైపోయింది. తల్లివేనా నువ్వు, పిల్లల్ని గడ్డిలో పెట్టుకుని ఊరికే తిరిగొస్తావా అని తిట్టారు.

"పిల్లలున్నారు కాబట్టే అడగలేదు," అంది ఈరమ్మ. "పొగ తెలియని ముసలాయన్ని ఇంకో ఆరేళ్ళు కాపలా పెట్టి, నేనెట్లా కళ్ళు మూసుకునేది? ఆయన ముక్కు పోయింది మన కోసం. రేపు వాగొడ్డు వంతు నాది."

కొమ్మ మీద దానమయ్య ఈసారి నవ్వలేదు.

చెప్పినట్టే మర్నాడు పొద్దున్నే ఈరమ్మ గడ్డ తవ్వి వాగు ఒడ్డున రాయి మీద పెట్టింది. కుర్రపంది ఒకటి వచ్చి దాన్ని ఓబులయ్యకి పట్టుకెళ్ళింది. ఆ రోజంతా పిల్లల దగ్గర చెవులు నిక్కించుకునే కూర్చుంది. ఆకు కదిలితే లేచి పొగ వాసనేమో అని గాలి పీల్చేది. రెండో రోజు ముళ్ళపంది వచ్చింది. తవ్వడంలో నీకంటే నేనే నయం, పక్కకి జరుగు అంది. మూడో రోజు నెమలి వచ్చింది. దానమయ్య వచ్చినట్టు ఎవరూ చూడలేదు. కానీ రాయి మీద తునికిపళ్ళు ఒక కుప్ప ఉన్నాయి, పైన చూస్తే తునికిచెట్టే లేదు.

నాలుగో రోజు కణుజు నీళ్ళకి వచ్చి ఇదంతా చూశాడు. తన ఆజ్ఞ కోసం ఎవరూ ఆగలేదని అర్థమైంది. చాలాసేపు నీళ్ళు తాగుతున్నట్టు తల వంచుకుని ఉన్నాడు. తర్వాత రాతిబండ దగ్గరికి నడిచి, పన్నెండే, నేను అన్నది తప్పు, అన్నాడు. మాట పూర్తి కాకముందే పందులు లేచాయి. ఓబులయ్య అలవాటుకొద్దీ లేవబోతే కుర్రపందులు ఆయన్ని వాగు ఒడ్డుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టాయి.

రెండు రోజులకే మంట వచ్చింది. అవతలి గుట్ట మీద, మిట్టమధ్యాహ్నం. పందులు పరిగెత్తాయి.

ఈరమ్మ పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని వాగు ఒడ్డుకి తెచ్చింది. అవి ఓబులయ్య పొట్టకి ఆనుకుని ముడుచుకున్నాయి.

"పొగ వస్తోందా అమ్మా?" అని అడిగాడు ఓబులయ్య.

"వస్తోంది పెద్దయ్యా. మనవాళ్ళు గీత గీస్తున్నారు. నువ్వు పడుకో."

పిల్లలు లేస్తాయేమోనని కదలకుండా, ఓబులయ్య మెల్లగా తల వాల్చాడు. ఎండాకాలం మధ్యాహ్నం ఆయన నిద్రపోవడం పన్నెండేళ్ళ తర్వాత అదే మొదటిసారి.

నీతి: మన కోసం మంటలోకి వెళ్ళేవాళ్ళకి ఇచ్చిన మాటని, మనకి మంట కనబడని రోజుల్లో కూడా నిలబెట్టుకోవాలి.