కొత్వాలుగారి వీధి

ఆ ఏడు పీర్ల ఊరేగింపూ, పోలేరమ్మ జాతరా ఒకే పూట బజారు వీధి మొదట్లో ఎదురుపడ్డాయి. "వీధి మాది, మేమే ముందు" అని ఇటువాళ్ళు, "కాదు, మాది" అని అటువాళ్ళు. కర్రలు లేచాయి. బజ్జీల ఓబుళమ్మ పొయ్యి మీది బాణలి దించి పక్కన పెట్టింది.

ఇంతలో కొత్వాలు గుర్రమెక్కి వచ్చాడు. "వీధి మీ ఇద్దరిదీ కాదు, సర్కారుది! ఇక్కడ సర్కారంటే నేనే. అందరూ వెనక్కి మళ్ళండి!"

ఓబుళమ్మ కడవెడు నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇదెందుకే?"

"వీధి తమరిదైతే ఇంటాయన తమరే కదా దొరా! పీరును మోసేవాళ్ళొచ్చినా, అమ్మవారిని మోసేవాళ్ళొచ్చినా ఈ ఊళ్ళో ఏ ఇంటివాళ్ళయినా కాళ్ళకు నీళ్ళు పోసి ముందుకు సాగనంపుతారు. పొడికాళ్ళతో వెనక్కి తరిమిన కొంప ఒక్కటీ లేదు."

రెండు గుంపులూ గొల్లున నవ్వి, కాళ్ళు ముందుకు చాచాయి. అటు పీరూ, ఇటు అమ్మవారూ చూస్తుండగా కాదనే ధైర్యం కొత్వాలుకు లేకపోయింది. గుర్రం దిగి, నడుము పట్టేసేదాకా కడవ మీద కడవ పోశాడు. తడికాళ్ళతో అందరూ కలిసే సాగారు.

మరుసటేడు, ఈ వీధి ఎవరిదని ఎవరో నోరు తెరవబోయేసరికి కొత్వాలే ముందు అరిచాడు: "వాళ్ళిద్దరిదీ!"