పూటకూళ్ళ వీధిలో ఉప్పుచేతి అమ్మవారు వెలసిన వైనం

గోరింటపూడి పట్టణానికి వచ్చే యాత్రికులు ముందుగా ఒక మాట మన్నించాలి. ఈ వీధిలోని హోటళ్ళ వరస చెప్పేటప్పుడు ఒకటి ముందూ ఒకటి వెనకా పడి ఉండవచ్చు. రాస్తున్న చేతికి డెబ్భై తొమ్మిదేళ్ళు. హోటళ్ళు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. వాసన పట్టుకుని వెళ్ళినవారెవరూ ఇంతవరకు దారి తప్పలేదు.

రైలు దిగి తూర్పుగా నడిస్తే గడియార స్తంభం, అది దాటగానే పూటకూళ్ళ వీధి. మొదట వచ్చేది అవసరాల వారి టిఫిన్ గది. పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు అక్కడ తినాలి. ఎనిమిది దాటితే ఆకు వాసన తప్ప ఏమీ మిగలదు. దాని తర్వాత, లేదా దానికి ఎదురుగా, రేకపల్లి వారి పెసరట్టు. అక్కడ కూర్చోవడానికి బల్లలు లేవు. కోర్టు ప్లీడర్లు సైతం నల్లకోటు మడిచి చంకలో పెట్టుకుని నిలబడే తింటారు. మధ్యాహ్న భోజనానికి నూతన విలాస్. కందిపప్పు దోరగా వేయించి వండిన ముద్దపప్పు, దోసావకాయ, ములక్కాడల పులుసు వారి ప్రత్యేకత. దానిని ఆనుకునే పీరాంబీ గారి పలావు. శుక్రవారం ఒంటిగంటకల్లా డేగిసా అడుగు కనిపిస్తుంది, ముందే వెళ్ళడం మంచిది. గంగరాజు మిలిటరీ హోటల్లో చేపల పులుసు నిన్నటిది ఉందా అని అడిగి మరీ తినాలి. వీధి చివర బెల్లం గవ్వల కొట్టు.

ఇంతకంటే పెద్ద హోటళ్ళు పెద్ద ఊళ్ళలో ఉంటే ఉండవచ్చు. కానీ ఈ వీధిలో ఏ బల్ల మీదా ఉప్పు గిన్నె ఉండదు. ఉంచవలసిన అవసరం ఇప్పటిదాకా రాలేదు. ఆ అనుగ్రహమంతా వీధి నడుమ చిన్న గుడిలో ఉన్న తల్లిది. ఆ విగ్రహానికి ముఖం లేదు, కిరీటం లేదు. నేలలోంచి లేచిన ఒక మోచేయి, చాచిన అరచేయి, ఆ అరచేతిలో చిన్న గుంట. అంతే. అమ్మవారు ఈ రూపంలో ఎందుకు వెలసిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ పట్టణం లేదు. సముద్రపు ఒడ్డునున్న ఉప్పు కొఠార్ల నుంచి మెట్ట ఊళ్ళకు ఉప్పు మోసే ఎడ్లబండ్లకు ఇది ఒక మజిలీ. ఎడ్లకు నీళ్ళు, మనుషులకు నీడ దొరికే ఈ చోట రెండు పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. రెండింటి పెరళ్ళ మధ్య రొమ్ము ఎత్తున ఒక మట్టిగోడ. ఇవతలి ఇల్లు పేరిందేవమ్మది. అవతలి ఇల్లు ఆమె తోడికోడలు నాంచారమ్మది. అన్నదమ్ములిద్దరూ ముందూ వెనకగా కాలం చేశాక, ఈ ఇద్దరు ఆడవాళ్ళూ గరిటె పట్టుకునే బతుకు ఈదారు.

పేరిందేవమ్మ వంటకు చుట్టుపక్కల ఏడు మజిలీల్లో పేరు. మడికట్టుకుని వండేది, మొదటి విస్తరి దేవుడికి పెట్టేది. నైవేద్యం కాకముందు వంటకం నాలుక మీద వేసుకోకూడదు కనుక ఆమె ఏనాడూ ఉప్పు చూసి ఎరగదు. గంగాళం ఎంతుందో కంటితో చూసి, జాడీలో చెయ్యి పెట్టి తీసేది. ఆ పిడికిలిలో ఎంత వస్తే అంతే లెక్క. నలభై ఏళ్ళలో ఆమె పంక్తిలో కూర్చుని ఉప్పు కావాలని అడిగినవాడు లేడు.

తోడికోడళ్ళ మధ్య మాటలు లేక అప్పటికి పన్నెండేళ్ళు. తగువు పెద్దదేమీ కాదు. ఒక పెళ్ళిలో పేరిందేవమ్మ వండిన పులుసు వడ్డిస్తూ, నూరు మంది వింటూ ఉండగా నాంచారమ్మ, “అక్కయ్యా, పులుసులో ఉప్పు ఒక పిసరు తగ్గినట్టుంది” అన్నది. పేరిందేవమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి, “నా గంగాళానికి నువ్వు ఉప్పు చెప్పేదానివయ్యావా?” అన్నది. మర్నాడు ఉమ్మడి పెరట్లో గోడ లేచింది. వాకిట్లో ఎదురుపడితే ఇద్దరూ ఆకాశం కేసి చూసి వాన వస్తుందా రాదా అని పరీక్షించేవారు.

అరవయ్యో ఏడు దాటాక పేరిందేవమ్మకు ఒక కష్టం వచ్చింది. పప్పు దించి, జాడీ ముందు నిలబడి, “వేశానా, వెయ్యలేదా?” అని ఆగిపోయేది. మొదట్లో తనలో తనే నవ్వుకుంది. తర్వాత ఉపాయాలు పన్నింది. ఉప్పు వేయగానే కొంగున ఒక ముడి వేసుకోవాలనుకుంది. నాలుగో రోజుకు ఆ ముడి ఇవాళ్టిదో నిన్నటిదో తెలియలేదు. వేశాక జాడీని ఎడమ నుంచి కుడికి జరపాలనుకుంది. అంట్లు తోమే రావులమ్మ చోటు అలికి, జాడీని యథాస్థానంలో పెట్టి వెళ్ళిపోయింది. గోడమీద బొగ్గుతో గీత గీసింది. గీతలు బాగానే నిలిచాయి కానీ, ఏ గీత ఏ గంగాళానిదో అవి చెప్పవు కదా.

ఒకనాడు బండ్లవాళ్ళు పంక్తిలో కూర్చుని పప్పు కలుపుకుని ముద్ద నోట పెట్టుకున్నారు. ఒకడు నెమ్మదిగా పక్కవాడితో అన్నాడు.

“ఒరే, మనం సముద్రాన్ని వెనకాలే వదిలేసి వచ్చామనుకున్నాం. మనకంటే ముందే ఇక్కడికొచ్చి కూర్చుంది.”

“ఊరుకోరా. బండిలో సరుకు తగ్గిందేమో చూసుకో ముందు.”

పంక్తి పంక్తంతా కిసుక్కుమన్నది. బండ్ల పెద్ద సూరాబత్తుల పోలయ్య మాత్రం నవ్వలేదు. విస్తరిలో మెతుకు మిగల్చకుండా తిని, నాలుగు చెంబుల మజ్జిగ తాగి లేచాడు. మరో నాలుగు రోజులకు చారులో ఉప్పే లేదు. ఆ సాయంత్రం పోలయ్య ఒక్కడే వచ్చి అరుగు కింద కూర్చున్నాడు.

“తల్లీ, మావాళ్ళు పక్కింటికి పోదామంటున్నారు. నేనే ఆపుతున్నాను. ఎల్లుండి బండ్ల సంతర్పణ. ఈసారి కూడా మీ పొయ్యి మీదే అని మాటిచ్చేశాను. ఆ మాట దక్కించండి.”

బండ్ల సంతర్పణ అంటే మాఘమాసంలో కొత్త ఉప్పుతో వచ్చే తొలి బిడారుకు జరిగే విందు. రెండు వందల విస్తళ్ళు లేస్తాయి. అది ఎవరింట జరిగితే ఏడాది పొడుగునా బండ్లు ఆ ఇంటి ముందే ఆగుతాయి. ముప్పై ఏళ్ళుగా అది పేరిందేవమ్మదే. అది పోతే ఆమె పొయ్యి ఆరినట్టే. పొయ్యి ఆరితే ఆమె వెళ్ళి తలదాచుకోవడానికి చోటు లేదు. ఉన్న ఒక్క బంధువూ గోడకు అవతల ఉంది. అన్నిటికంటే, పేరిందేవమ్మకు మతి తప్పిందట అనే మాట ఆమె వినదలచుకోలేదు.

మర్నాడు భోజనాలయ్యాక, ఎండ అరుగు మీదికి ఎక్కే వేళ, ఆమె చెయ్యి తలకింద పెట్టుకుని నడుము వాల్చింది. కన్ను మూతపడగానే ఒక స్త్రీ కనిపించింది. మోకాళ్ళ దాకా చీర ఎగదోపుకుని, ఉప్పుమళ్ళలో దిగి పనిచేసి వచ్చినట్టు మోచేతుల వరకు తెల్లగా ఉప్పు పట్టి ఉంది.

“రేపు వంట అంతా నువ్వే చెయ్యి. ఉప్పు మాత్రం నువ్వు వెయ్యకు. గోడ అవతల అడుగు” అన్నది ఆ స్త్రీ.

“ఎవరిని, నాంచారినా? దాని మొహం చూసి పన్నెండేళ్ళయింది.”

“మొహం చూడమన్నానా? చెయ్యి చాచమన్నాను.”

పేరిందేవమ్మ లేచి కూర్చుంది. తలకింద పెట్టుకున్న అరచేతిలో నాలుగు కల్లుప్పు రాళ్ళు ఉన్నాయి. అవి ఎక్కడివో ఆమెకు తెలియలేదు. తానే పట్టుకుని మరచిపోయిందేమో అని కూడా ఒక క్షణం అనుమానించింది. అది ఆమె నిజాయితీ.

సంతర్పణ రోజు పప్పు, పులుసు, చారు, రెండు కూరలు ఉప్పు లేకుండా దించింది. జాడీ వైపు చూడలేదు. పెరట్లోకి వెళ్ళి గోడ దగ్గర నిలబడింది. అవతల రుబ్బురోలు చప్పుడు వినిపిస్తున్నది. చాలాసేపు నిలబడింది. పోలయ్య మనుషులు వాకిట్లో విస్తళ్ళు పరుస్తున్నారు. చివరకు కుడిచెయ్యి గోడ మీదుగా అవతలికి చాచింది.

రుబ్బురోలు ఆగింది.

“ఎవరది?” అన్నది నాంచారమ్మ. ఆ చెయ్యి ఎవరిదో ఆమెకు తెలుసు.

“నాంచారీ, నా గంగాళాల్లో ఉప్పు వెయ్యాలి.”

“మీ ఇంట్లో ఉప్పు నిండుకుందా ఏమిటి? బండ్లన్నీ మీ వాకిట్లోనే ఉన్నాయిగా.”

“ఉప్పుంది. వేశానో లేదో నాకు గుర్తుండటం లేదు.”

ఆ మాట ఆమె అంతవరకు ఎవరికీ చెప్పలేదు. గోడ మీద చెయ్యి అలాగే ఉంది. నాంచారమ్మ లోపలికి వెళ్ళి పిడికెడు కల్లుప్పు తెచ్చింది. తెచ్చింది గానీ చాచిన చేతిలో వేయలేక నిలబడింది. ఉప్పు చేతికి ఇవ్వకూడదన్నది మన ఇళ్ళలో అందరికీ తెలిసిన కట్టు. కింద పెడితే తీసుకోవాలి.

“చేతికి ఉప్పు ఇస్తే తగువొస్తుంది అక్కయ్యా” అన్నది.

“రావలసిన తగువు ఎప్పుడో వచ్చేసింది. ఇంకేం వస్తుంది, వెయ్యి.”

నాంచారమ్మ ఉప్పు ఆ అరచేతిలో పోసింది. పోసి తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“ఆనాడు పులుసులో ఉప్పు సరిపోయింది అక్కయ్యా. అందరూ నీ వంటే మెచ్చుకుంటున్నారని నేనే ఊరికే అన్నాను.”

“ఆ సంగతి నాకు తెలుసు. నేను మరచిపోనిది అదొక్కటే” అన్నది పేరిందేవమ్మ.

నాంచారమ్మకు నవ్వు ఆగలేదు. తడిబట్టతో మడి కట్టుకుని, చుట్టు తిరిగి రావడానికి ఓపిక పట్టక, రుబ్బురోలు మీద కాలుపెట్టి గోడ దాటింది. అయిదు గంగాళాలకూ ఆమె ఉప్పు వేసింది. పేరిందేవమ్మ పక్కన నిలబడి ఏది అయిందో ఏది కాలేదో పైకి చెబుతూ వచ్చింది. ఒకరి చెయ్యి, ఒకరి మాట. దేవుడి విస్తరి అయ్యాక వడ్డన మొదలైంది. పోలయ్య మొదటి ముద్ద తిన్నాడు. రెండోది తిన్నాడు. మూడోది తిన్నాక తలెత్తి తనవాళ్ళ వైపు చూసి, “సముద్రం ఎక్కడుండాలో అక్కడికి పోయిందిరా” అన్నాడు. రెండు వందల మందిలో ఒక్కరూ ఉప్పు అడగలేదు, ఒక్కరూ అదనంగా నీళ్ళు అడగలేదు.

అప్పుడు పేరిందేవమ్మ పంక్తి మధ్యలోకి వచ్చి, “ఇవాళ ఉప్పు మా నాంచారిది” అని అందరూ వినేలా చెప్పింది. పన్నెండేళ్ళ కిందట నూరు మంది విన్నదానికి ఇది రెండు వందల మంది విన్న జవాబు. సంతర్పణ పేరు ఆ ఏటి నుంచి రెండిళ్ళదీ అయింది. మర్నాటి పొద్దున పేరిందేవమ్మ వెళ్ళి నాంచారమ్మ వంటకు ఉప్పు వేసింది, నాంచారమ్మ పక్కన నిలబడి చూసింది. పేరిందేవమ్మ మరో పద్దెనిమిదేళ్ళు వండింది. చివరి రోజుల్లో మనుషుల పేర్లు పోయాయి, తిథులు పోయాయి. కానీ ఆమె పంక్తిలో ఉప్పు తప్పలేదు.

ఆనాటి సంతర్పణ కాగానే, ఇక ఆ గోడ అక్కర్లేదని పోలయ్య మనుషులు దానిని తవ్వారు. ఆమె చెయ్యి చాచిన చోట, పునాది కింద, ఇప్పుడు మనం పూజించే రాతిచెయ్యి బయటపడింది. అరచేతి గుంటలో తెల్లగా ఉప్పు పేరుకుని ఉన్నదట. పేరిందేవమ్మ చూసి, కలలో కనిపించిన స్త్రీని తలచుకుని, “మోచేతుల వరకు ఈమే” అని మాత్రం అన్నది. బండ్లవాళ్ళే రాళ్ళు మోసి గుడి కట్టారు.

తరువాత మజిలీ ఊరైంది, ఊరు పట్టణమైంది. వీధిలోకి ఒకరొకరే వచ్చి పొయ్యిలు పెట్టారు. ఒకరి వంటకు పక్కింటివారే ఉప్పు వెయ్యాలన్న కట్టు వచ్చిన ప్రతివారికీ చెప్పారు, అందరూ ఒప్పుకున్నారు. పీరాంబీ గారి నాయనమ్మ పలావు డేగిసా పెట్టిన రోజున, పక్కనున్న నూతన విలాస్ భోజనశాల కామేశమ్మ గడపలో నిలబడి సందేహించింది. “నేను మాంసం ముట్టను. దీనికి ఉప్పు నేనెలా వెయ్యను?” అన్నది. “ముట్టొద్దు పిన్నిగారూ. ఎసరు కాగుతోంది, బియ్యమూ మాంసమూ ఇంకా పడలేదు. ఎసట్లో వేసి వెళ్ళండి” అన్నది ఆవిడ. పలావుకు నేటికీ ఉప్పు ఎసట్లోనే పడుతుంది, నూతన విలాస్ వారి చేతి నుంచే. గవ్వల కొట్టు వారు, తీపి వంటకు ఇదెందుకని కొన్నాళ్ళు ఉండిపోయారు. తరువాత వారూ వచ్చారు. పాకంలో చిటికెడు ఉప్పు పడితేనే బెల్లం రుచి తేలుతుందని ఇప్పుడు వారే ఊరందరికీ చెబుతారు.

నేడు కూడా ఈ వీధిలో తెల్లవారగానే ఒక హోటలు వారు పక్క హోటలుకు వెళ్ళి, అరచేతిలో ఉప్పు తీసుకుని, ఆ ఇంటివారి ఎదుట వేస్తారు. తన వంటకు తానే ఉప్పు వేసుకునే వంటమనిషి ఈ వీధిలో లేడు. అందుచేతనే ఒక హోటలు వారిని మీ ఊళ్ళో ఏది బాగుంటుందని అడిగితే పక్కదాని పేరు చెబుతారు. అది మర్యాద కోసం చెప్పే మాట కాదు. అందులో వారి ఉప్పు ఉంది. ఇటువంటి వీధి మరో పట్టణంలో ఉన్నట్టు వినలేదు.

భక్తులు అమ్మవారి అరచేతిలో పిడికెడు కల్లుప్పు పోసి, అందులోంచే ఒక రాయి ప్రసాదంగా తీసుకుంటారు. మాటలు మానేసినవారు జంటగా వచ్చి ఒకరి చేతి ఉప్పు ఒకరు పుచ్చుకుంటే మూడు శుక్రవారాలలో మాట కలుస్తుందని నమ్మకం. కొత్తగా కాపురం పెట్టినవారికి చేతి వంట కుదురుతుంది. జ్ఞాపకం సన్నగిల్లుతున్న పెద్దలను కూడా ఇక్కడికి తీసుకువస్తారు. పోయిన జ్ఞాపకాన్ని అమ్మవారు తిరిగి ఇస్తుందని పెద్దలెవరూ చెప్పలేదు. పక్కన నిలబడే మనిషిని ఇస్తుందని చెప్పారు. మాఘమాసంలో సంతర్పణ నాడు వచ్చినవారు వీధి అంతటా ఒకే పంక్తిగా కూర్చుని భోజనం చేసి వెళ్ళాలి.

ఇందులో పోలయ్య ఇంటిపేరు సూరాబత్తులో సూరపనేనో, కామేశమ్మ అన్నది కామాక్షమ్మో, తప్పు పడి ఉండవచ్చు. అచ్చుకు ఇచ్చేముందు మా తోడికోడలు శేషారత్నం ఈ పేర్లన్నీ ఒకసారి చూసి సరిచేయవలసిందిగా కోరడమైనది.