పిట్టబండ టవరు

తన నెట్‌వర్క్‌లోకి ఇక ఎవరూ చొరబడలేరని విహారికి గట్టి నమ్మకం. ఊరంతా మెచ్చుకుంది. మెచ్చుకోవాల్సిన ఒక్క మనిషి మాత్రం ఏమీ అనలేదు. అదే అతనికి కంట్లో నలుసైంది.

ఆ మనిషి విరజమాత. సన్యాసం పుచ్చుకోకముందు టెలిఫోన్ల శాఖలో ఇంజనీరు. ఆ తర్వాత మన్యంలో, కొండల మొదట్లో చిన్న ఆశ్రమం కట్టుకుంది. అందరూ విరజమ్మ అంటారు. ఆశ్రమాన్ని ఆనుకుని ఒక ఆసుపత్రి ఉంది. పై ఊళ్ళకు సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. అందుకని పిట్టబండ అనే కొండ మీద ఆశ్రమం వాళ్ళే ఒక టవరు నిలబెట్టి, సొంతంగా నెట్‌వర్క్ నడుపుతున్నారు. పై ఊళ్ళో ఎవరికి పాము కరిచినా, జ్వరం ముదిరినా అక్కడి నర్సు రోగిని తెర మీద డాక్టరుగారికి చూపిస్తుంది. ఆయన చెప్పినట్టు వైద్యం చేస్తుంది. ఆ దారి మూసుకుపోతే పై ఊళ్ళకు డాక్టరు లేనట్టే.

విహారి హైదరాబాదులో పెద్ద కంపెనీలో నెట్‌వర్క్ భద్రత చూసేవాడు. మనసు నిలవక, అన్నీ వదులుకుని, ఉపదేశం కావాలని విరజమ్మ దగ్గరికి వచ్చాడు.

"ముందు నీకు తెలిసిన పని చెయ్యి నాయనా" అందామె.

చేశాడు. పాస్‌వర్డులన్నీ మార్చాడు. బయటినుంచి వచ్చే ప్రతి దారికీ కాపలా పెట్టాడు. పరీక్షించి చూడమంటే విశాఖపట్నం నుంచి వచ్చిన అతని స్నేహితులు ఎన్ని ఎత్తులు వేసినా లోపలికి దూరలేకపోయారు. "నీకో దండం రా బాబూ" అని బస్సెక్కి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం వంటశాల వసారాలో విహారి విరజమ్మ ముందు కూర్చున్నాడు.

"అమ్మా, ప్రపంచంలో ఏ మూల నుంచి ప్రయత్నించినా సరే, మన నెట్‌వర్క్‌లోకి ఎవరూ రాలేరు."

"సంతోషం నాయనా" అంది ఆమె, తోటకూర కాడలు తుంచుకుంటూ. అంతకు మించి ఒక్క మాట లేదు.

మర్నాడు పొద్దున్న విహారి యంత్రాల గదిలో తెరకు కళ్ళప్పగించి కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో విరజమ్మ కనిపించింది. చేతిలో పెద్ద వెదురుబుట్ట. అతను గబగబా లేచి తలుపు బార్లా తీసి పట్టుకున్నాడు.

"నువ్వు కూర్చో నాయనా. నీ పని చూసుకో" అంటూ ఆమె వెనకవైపు యంత్రాల అరల దగ్గరికి వెళ్ళింది. అక్కడేదో సర్దుతోంది కాబోలు అనుకున్నాడు. కాసేపటికి బుట్టతో తిరిగొచ్చింది.

"బరువుగా ఉన్నట్టుందే. నేను పట్టుకోనా అమ్మా?"

"వద్దులే నాయనా. మోయగలను."

మళ్ళీ తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె వెళ్ళిపోయింది. తిరిగొచ్చి కూర్చునేసరికి తెర మీద కదలిక లేదు.

విహారి తెర మీదికి వంగాడు. ఎవరో చొరబడ్డారు! ఎటునుంచి వచ్చారు? ఏ కన్నం వదిలేశాను? కీబోర్డు మీద వేళ్ళు పరుగెత్తాయి. ఏ జాడా దొరకలేదు. విశాఖపట్నం స్నేహితులకు ఫోన్ చేసి, "మీరేనా?" అని కసిరాడు. వాళ్ళు అమ్మతోడు మేం కాదన్నారు. మధ్యాహ్నం భోజనాల గంట మోగినా లేవలేదు. ఆఖరికి ఏం చెయ్యాలో తోచక లేచి, గది వెనక్కి వెళ్ళి చూశాడు.

అరలో రౌటర్ లేదు. తీగలు వేలాడుతున్నాయి.

వంటశాలకు పరుగెత్తాడు. విరజమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఆనపకాయ తరుగుతోంది. పక్కన వెదురుబుట్ట. అందులో, కొత్తిమీర కట్టల మధ్య, రౌటర్.

"అమ్మా! దీన్ని ఎవరు తెచ్చారు?"

"నేనే."

"ఎలా తెచ్చారు?"

ఆమె తల ఎత్తలేదు. "నువ్వు తలుపు తీసి పట్టుకున్నావుగా నాయనా."

విహారి రౌటర్ ఎత్తుకెళ్ళి మళ్ళీ బిగించాడు. ఆ పూట నెట్‌వర్క్ ఉండదని పై ఊళ్ళ నర్సులందరికీ ఆమె ముందే కబురు పెట్టిందని తర్వాత తెలిసింది.

అతను ఊరుకునే రకం కాదు. యంత్రాల గదికి ఇనప తలుపు పెట్టించాడు. లోపలా బయటా కెమెరాలు బిగించాడు. అరలకు విడిగా తాళాలు వేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకుని, విరజమ్మను పిలుచుకొచ్చాడు.

"ఇప్పుడు నేను రానిస్తేనే ఎవరైనా లోపలికి రాగలరమ్మా."

"నువ్వు జ్వరమొచ్చి పడుకుంటే?"

విహారి మొలతాడు తడుముకున్నాడు. ఆ మధ్యాహ్నమే రెండో తాళంచెవి ఆసుపత్రి డాక్టరు రత్నరాజుగారికి అప్పగించాడు. మళ్ళీ పిలుచుకొచ్చాడు.

ఈసారి ఆమె లోపలికొచ్చి అరలన్నీ నెమ్మదిగా చూసింది. గోడ దగ్గర ఆగింది. కేబుల్ కోసం చేసిన కన్నంలోంచి నల్లచీమల బారు ఒకటి వస్తోంది. కరెంటు పెట్టె మూత సందులోంచి లోపలికి పోతోంది.

"మరి వీళ్ళకు తాళంచెవి ఎవరిచ్చారు నాయనా?"

విహారి ముఖం కందగడ్డలా అయింది. పెట్టె విప్పి చూస్తే లోపల చీమలు గుడ్లు పెట్టాయి. వెనకవైపు ఫ్యాను రెక్కలకు దుమ్ము అట్టకట్టి, తిరగలేక మూలుగుతోంది. యంత్రం మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది. రోజూ ఆ గదిలోనే కూర్చున్నాడు. ఒక్కనాడూ ఆ వెనక్కి తిరిగి చూడలేదు.

విరజమ్మ బయటికెళ్ళి చీపురు తెచ్చి అతని చేతికిచ్చింది.

ఆనాటి నుంచి అతని రోజులు మారిపోయాయి. గది ఊడవాలి. ఫ్యాన్లు విప్పి కడగాలి. కన్నాలు పూడ్చాలి. వారం వారం పిట్టబండ ఎక్కాలి. విరజమ్మ వయసు అరవై దాటింది. అయినా ఆమే ముందు ఎక్కేది. వెనక విహారి ఆయాసపడుతూ నడిచేవాడు.

పైన ఆమె ఏమీ బోధించేది కాదు. చూపించేది, అంతే. బ్యాటరీల కొసలకు పట్టిన చిలుము గుడ్డతో తుడిచి, వేజలీన్ రాసేది. సోలార్ పలకల మీద పిట్టల రెట్ట కడిగేది. టవరు బోల్టు ఒక్కొక్కటీ రెంచీతో పట్టి చూసేది. ఒకసారి కేబుల్ బ్యాటరీల గది గోడలోకి వెళ్ళేచోట దాన్ని సాగదీసి కట్టేశాడు విహారి. ఆమె విప్పి, కిందికి వేలాడేటట్టు ఒక వంపు ఇచ్చి కట్టింది. చెంబుతో నీళ్ళు తెచ్చి కేబుల్ మీద పోసింది. నీళ్ళు జారుతూ వచ్చి, ఆ వంపు దగ్గర చుక్కలు చుక్కలుగా నేల మీద పడ్డాయి. గోడలోకి ఒక్క చుక్క పోలేదు. విహారి రెండో కేబుల్ కూడా అలాగే కట్టాడు.

పిడుగును నేలలోకి దించే రాగితీగ ఒకటి టవరు పక్కన గుంతలో పాతి ఉంటుంది. ఎండాకాలం మన్ను ఎండిపోతే ఆ తీగ ఉన్నా లేనట్టే. విరజమ్మ అతని చేత కింది ఊట నుంచి బిందెతో నీళ్ళు తెప్పించి గుంతలో పోయించేది. ఎండలో బిందె భుజాన వేసుకుని ఎక్కుతుంటే విహారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఒకరోజు ఉండబట్టలేకపోయాడు.

"అమ్మా, నేను వచ్చింది ఉపదేశం కోసం."

"బ్యాటరీ కొసలు తుడిచావా?"

"తుడిచాను."

"అవతలివైపు?"

తుడవలేదు. వెళ్ళి తుడిచాడు.

ఆ వేసవి గడిచేసరికి అతనికి తెలియకుండానే చేతులు పని నేర్చుకున్నాయి. గదిలో అడుగుపెడితే చాలు, ఏ ఫ్యాను శ్రుతి తప్పిందో చెవికి తెలిసేది. ఎవరూ చెప్పకుండానే బిందె ఎత్తుకుని కొండ ఎక్కేవాడు. బ్యాటరీల గదికి కొత్త కంచె వేసి, గడియ బయటివాళ్ళ చేతికి అందకుండా లోపలివైపు పడేటట్టు తనే కమ్మరి చేత చేయించాడు. మైదానంలో టవర్ల దగ్గర బ్యాటరీలు దొంగలెత్తుకుపోయినా పిట్టబండ జోలికి ఎవరూ రాలేదు.

ఒక వారం విరజమ్మ కొండకు రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు. నామీద ఆశ వదులుకుందేమో అని విహారి మనసు చివుక్కుమంది. అడగలేక ఒక్కడే వెళ్ళివచ్చేవాడు.

వానాకాలం చివర వాయుగుండం పట్టింది. ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. ఘాట్ రోడ్డు మీద బండరాళ్ళు జారి దారి మూసుకుపోయింది. కరెంటు పోయింది. మైదానంలో సెల్‌ఫోన్ టవర్లు ఒకటొకటిగా మూగబోయాయి. ఆశ్రమంలో అందరి ఫోన్లూ ఉత్త డబ్బాలయ్యాయి. పిట్టబండ నెట్‌వర్క్ ఒక్కటే పలుకుతోంది.

పొద్దున్న ఫలహారాల వేళ ఆసుపత్రి తెర మీద పై ఊరు తాటిగరువు నర్సు నీలమ్మ ముఖం కనిపించింది. జుట్టు తడిసి నుదుటికి అంటుకుపోయింది.

"డాక్టరుగారూ! హాస్టలు పిల్లలు అడవి ఆముదం గింజలు తినేశారండీ. పాతిక మందికి పైనే. అందరికీ ఒకటే వాంతులు, విరేచనాలు. కొందరు కళ్ళు తేలేస్తున్నారండీ!"

బడి వెనక పొదల్లో కాయలు దొరికాయి. పప్పు కమ్మగా ఉందని ఒకరికొకరు పంచుకుని తిన్నారు. అంబులెన్సు పైకి పోలేదు. పిల్లల్ని కిందికి దించలేరు.

డాక్టరు రత్నరాజు కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నారు. "భయపడకు నీలమ్మా. ఒక్కొక్కరినీ నాకు చూపించు. ఆగు, ఆ మూలన పడుకున్న పాప ఎవరు?"

"కాసులమ్మండీ."

"చర్మం లాగి వదులు. చూశావా, వెనక్కి పోవట్లేదు. ముందు ఆ పాపకు సెలైన్ ఎక్కించు. మాట్లాడగలిగిన పిల్లలకు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గుక్క గుక్కగా పట్టించమని టీచరమ్మకు చెప్పు."

"నరం దొరకట్లేదండీ!" అంది నీలమ్మ.

"తొందరపడకు. మోచేతికి పైన కట్టు బిగించు. వేలితో తట్టు. ఇంకాస్త కిందికి... అక్కడే, అక్కడే."

"దొరికిందండీ!"

అప్పుడే పిట్టబండ మీద ఆకాశం చీలినట్టు మెరిసింది. కిటికీలు అదిరాయి. తెర మీద నీలమ్మ చెయ్యి గాలిలో ఆగిపోయింది. పక్కనే కూర్చున్న విహారి దిగ్గున లేచాడు. మరుక్షణం ఆ చెయ్యి మళ్ళీ కదిలింది.

విహారి రెయిన్‌కోటు అందుకున్నాడు. గుమ్మంలో విరజమ్మ నిలబడి ఉంది.

"ఎక్కడికి?"

"టవరు దగ్గరికమ్మా! పిడుగు పడింది!"

"ఏం చూడాలో చెప్పి వెళ్ళు."

విహారి నోరు తెరిచాడు. రాగితీగ గుంత? మొన్ననే తవ్వి చూసి, మూసి వచ్చాడు. కేబుళ్ళు? వంపులు తన చేత్తోనే కట్టాడు. బ్యాటరీలు? కొసలు అద్దంలా ఉన్నాయి. బోల్టులు, కంచె, గడియ... మనసులోనే కొండంతా ఎక్కి దిగాడు. తన చెయ్యి పడని చోటు ఒక్కటీ కనిపించలేదు.

రెయిన్‌కోటు కొక్కేనికి తగిలించాడు. వచ్చి కూర్చున్నాడు.

విరజమ్మ అతని పక్కనే మరో కుర్చీ వేసుకుంది. బయట గాలి చెట్లను వంచేస్తోంది. మళ్ళీ పిడుగులు పడ్డాయి. తెర వెలుగుతూనే ఉంది. డాక్టరుగారు చెబుతూనే ఉన్నారు, నీలమ్మ చేస్తూనే ఉంది. ఒక పాప లేచి కూర్చుంది. ఇంకో పాప నీళ్ళడిగింది. మధ్యాహ్నం దాటాక, మూల మంచం మీద కాసులమ్మ కళ్ళు తెరిచింది.

"ఎలా ఉంది తల్లీ?" అన్నారు డాక్టరుగారు.

ఆ పిల్ల తెరవైపు కోపంగా చూసింది. "ఆకలేత్తంది."

డాక్టరుగారు కళ్ళజోడు తీసేసి పెద్దగా నవ్వారు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. ఆసుపత్రి వరండాలో గుమిగూడిన జనం ఒక్కసారి కేకలు వేశారు. ఒక్క పిల్ల కూడా దక్కకుండా పోలేదు.

రోడ్డు బాగయ్యాక పిల్లలంతా తల్లులతో కలిసి కిందికొచ్చారు, డాక్టరుగారికి చూపించుకోవడానికి. చూపించుకోవడం అయ్యాక డప్పులు బయటికొచ్చాయి. ఆశ్రమం వాకిట్లో ఒకరి నడుం ఒకరు పట్టుకుని థింసా ఆడారు. కాసులమ్మ అందరికంటే ముందు నిలబడి వరసను లాక్కుపోయింది. నీలమ్మనూ, డాక్టరుగారినీ కూడా వదల్లేదు.

ఆ సందడిలో జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. విరజమ్మకు నమస్కారం పెట్టి, విహారి దగ్గరికి వచ్చాడు.

"మైదానంలో పెద్ద పెద్ద టవర్లే పోయాయండీ. మీది ఒక్కటే ఎలా నిలిచిందో కలెక్టరుగారు కనుక్కోమన్నారు. ఇంతకీ ఆ రోజు మీరేం చేశారు?"

విహారి పిట్టబండ వైపు చూశాడు.

"కూర్చున్నానండీ."

అధికారి అది హాస్యం అనుకుని నవ్వాడు. విరజమ్మ నవ్వలేదు. విహారి ముఖంలోకి ఒకసారి తేరిపార చూసింది. తర్వాత వంటశాల వైపు తిరిగి, డప్పుల మోతను మించి వినపడేటట్టు గొంతెత్తింది.

"ఇవాళ పాయసం వండండమ్మా!"